చోడిగింజకు ఎర్రరంగు

ఆదివారం పొద్దున్న పది దాటింది. పెరట్లో ఎండ పరుచుకుంది. చరిత మూడు రంగుల చార్టు ముక్కలు నేలమీద పరిచి, ఎగిరిపోకుండా మూలల్లో గులకరాళ్లు పెట్టింది. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. ఒక్కో ముక్క మీద ఒక్కో సాసరు. ఒక్కో సాసరులో సరిగ్గా మూడు చెంచాల నూకలు.

"నాన్నమ్మా! ఇంక ఎత్తు!"

జగ్గమ్మ గంప పైకెత్తింది. పదకొండు కోడిపిల్లలు సంచిలోంచి బఠాణీలు దొర్లినట్టు బయటికి దొర్లాయి. కాళ్లు సాగి, రెక్కలు మొలుస్తున్న నెల దాటిన పిల్లలు. తల్లి పెట్ట వాటిని వదిలేసి మళ్లీ గుడ్ల పనిలో పడింది. గెద్దల భయానికి జగ్గమ్మ వాటిని పగలంతా ఈ పెద్ద వెదురుగంప కింద మూస్తుంది.

ఒక్కటి తప్ప పిల్లలన్నీ ఎర్రకాగితం వైపు పరుగెత్తాయి. ఆ సాసరు ఖాళీ చేశాకే మిగతా రెండింటి వైపు చూశాయి.

చరిత నోటుబుక్కులో రాసింది. "మూడో రోజు. ముందు ఖాళీ అయింది: ఎరుపు."

కాగితాల చోటు రోజూ మార్చమని సార్ చెప్పారు. మార్చింది. అయినా ఎరుపే గెలిచింది.

సార్ అంటే సైన్సు చెప్పే మోహనకృష్ణ మాస్టారు. వచ్చే వారం రాజాంలో సైన్సు మేళా. ఆరో తరగతి నుంచి చరితను ఎంపిక చేశారు. "చుట్టూ ఉండే రంగును బట్టి కొన్ని జంతువులు ఎక్కువ తింటాయి, కొన్ని తక్కువ తింటాయి. మీ ఇంట్లో ఏవి ఉంటే వాటినే గమనించు. కానీ ఒక్క మాట. చూసిందే రాయాలి. అనుకున్నది రాయకూడదు" అన్నారు.

చరిత అలాగే రాస్తోంది. ఒక్క పదకొండో పిల్ల దగ్గరే ఆమెకు దిగులు.

ఆ పిల్ల మిగతావాటిలో సగం ఉంటుంది. అన్నీ సాసరు మీద పడి తోసుకుంటుంటే అది దూరంగా, ఒంటికాలి మీద నిలబడి చూస్తుంది. అందరూ తిని వెళ్లాక ఒకటో రెండో గింజలు ఏరుకుంటుంది. చోడిగింజంత, అంటే రాగిగింజంత, ఉందని చరిత దానికి చోడిగింజ అనే పేరు పెట్టింది.

"నాన్నమ్మా, ఇవాళ కూడా ఇది తినలేదు."

"తింతాది, తింతాది. మొన్న దిష్టి తీసినాను గదా" అంది జగ్గమ్మ.

"తీసి నాలుగు రోజులైంది. దిష్టి పోతే ఆకలి వెయ్యాలి గదా?"

"నోరు సూడు గుంటకి! అన్నిటికీ లెక్కే!" జగ్గమ్మ నవ్వుకుంటూ కొబ్బరిచిప్పలో నీలిమందు కలిపింది. బట్టలకు పెట్టే నీలిమందే. ఒక్కో పిల్లనూ పట్టుకుని, ఎడమ రెక్క మీద వేలితో ఒక చుక్క పెట్టి మళ్లీ గంప కిందికి వదులుతోంది.

వాళ్ల గోర్జీలో, అంటే ఆ సన్నటి సందులో, అందరూ కోళ్లు పెంచుతారు. సాయంత్రం వదిలితే అన్ని ఇళ్ల పిల్లలూ కలిసిపోతాయి. ఎవరి పిల్ల ఏదో తెలియాలి కాబట్టి ఇంటికో గుర్తు. జగ్గమ్మ వాళ్లది నీలం. ఎదురింటి లక్ష్మణమ్మ తోక మీద మసి రాస్తుంది. చివరింటి కూర్మయ్య ఆకుపచ్చ రంగు వేస్తాడు.

"ఎరుపు ఎవరిది నాన్నమ్మా?"

"ఎరుపు ఎవులూ ఎయ్యరు."

"ఎందుకు?"

"ఎందుకేటి? మా అత్త ఎయ్యొద్దనీది. నానూ ఎయ్యలేదు."

"మీ అత్త కారణం చెప్పలేదా?"

"అప్పట్లో కోడలు అత్తని కారణం అడుగుతాదేటే?" అని జగ్గమ్మ చిప్ప కడిగేసి, కూర పనికి లోపలికి వెళ్లిపోయింది.

చరిత గంప పక్కనే కూర్చుండిపోయింది. బుర్రలో ఒక ఆలోచన కదిలింది. సాసరు కింద ఎరుపు ఉంటే ఇవన్నీ ఇంత తిన్నాయి. మరి చోడిగింజ చుట్టూ ఎప్పుడూ ఎరుపే ఉంటే? కాగితం అది మోసుకుని తిరగలేదు. కానీ రంగును మొయ్యగలదు గదా!

మేనత్త పెళ్లిలో మిగిలిన పారాణి సీసా అద్దం వెనక ఉంది. చరిత పిల్లిలా వెళ్లి తెచ్చింది. చోడిగింజను ఒళ్లో పెట్టుకుని, వీపు మీద, రెక్కల మీద ఎర్రగా పూసింది. అది కిచకిచమంది.

"ఉండవే. ఇంక నీకు ఆకలే ఆకలి" అని గంప కింద పెట్టింది.

చోడిగింజ రెండడుగులు వేసింది. పక్కనున్న పిల్ల తల వంచి దాని వీపును చూసింది. టక్కున ఒక పోటు పొడిచింది. ఇంకోటి వచ్చింది. ఇంకో పోటు. మూడోది కూడా చేరింది.

ఆడుకుంటున్నాయి కాబోలు అనుకుంది చరిత. లోపలి నుంచి అమ్మ శైలజ కేకేసింది, "చరితా! టిఫిను చల్లారిపోతంది!"

రెండు ఇడ్లీలు తిని, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి గంప కింద గోలగోలగా ఉంది. చరిత గంప ఎత్తేసింది. నాలుగు పిల్లలు చోడిగింజ మీద ఉన్నాయి. అది నేలకు అంటుకుపోయి ఉంది. వీపు మీద ఈకలు లేవు. ఎర్రగా ఉంది. అందులో పారాణి ఎంతో, రక్తం ఎంతో తెలియడం లేదు.

చరిత పిల్లలను తోలేసి, చోడిగింజను రెండు చేతుల్లోకి తీసుకుంది. అది కళ్లు మూస్తోంది, తెరుస్తోంది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి పుంజు ప్రహరీ మీంచి దూకి పెరట్లో దిగింది. గోర్జీ మొత్తం తనదే అన్నట్టు ఛాతీ విరుచుకుని తిరుగుతుందని లక్ష్మణమ్మ మనవరాలు యమున దానికి సర్పంచి అని పేరు పెట్టింది. అది ఎవరినీ పట్టించుకోకుండా నేరుగా సాసర్ల దగ్గరికి వెళ్లి, మిగిలిన నూకలు తినసాగింది.

"ఏటే ఆ గోల?" జగ్గమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. చరిత చేతుల్లోకి చూసింది. "ఓలమ్మో! ఏటయ్యిందే దీనికి?"

చరిత నోరు తెరిచింది. పారాణి సీసా పరికిణీ మడతలో ఉంది. ఎదురుగా సర్పంచి ఉంది.

"పుంజు... పుంజు వచ్చింది నాన్నమ్మా."

అది అబద్ధం కాదు. పుంజు నిజంగానే వచ్చింది. కానీ జగ్గమ్మకి ఆ ఒక్క ముక్కే చాలు. గరిటె ఎత్తి పట్టుకుని గోర్జీలోకి నడిచింది.

"ఒదినా! ఓ లచ్మణమ్మొదినా! నీ పుంజుకి కళ్లు నెత్తికెక్కినాయేటి?"

లక్ష్మణమ్మ చింతపండు గింజలు తీస్తూ అరుగు మీద కూర్చుని ఉంది. "ఏటయ్యిందొదినా? పొద్దున్నే ఈ కేకలేటి?"

"ఏటయ్యిందా? నా పిల్లని పొడిసి పొడిసి సంపీసినాది!"

"నా పుంజు పిల్లల జోలికెల్లదు. మీ నూకల జోలికొస్తాది. ఆ మాట నానే ఒప్పుకుంతాను."

"మా గుంట కళ్లారా సూసినాది!"

లక్ష్మణమ్మ చేతిలో చింతపండు పక్కన పెట్టింది. గుమ్మం దగ్గర నిలబడ్డ చరిత వైపు చూసింది.

"నువ్వు సూసినావేటమ్మా?"

చరిత తల కొంచెం ఊగింది. అది ఔననో కాదనో చరితకే తెలియదు. చూసేవాళ్లకు మాత్రం ఔనన్నట్టే ఉంది.

లక్ష్మణమ్మ ఇంకేమీ అడగలేదు. "సిన్నపిల్ల సూసినానంతే ఇంకేటుంతాది" అంది. వెళ్లి సర్పంచిని పట్టుకొచ్చింది. కాలికి తాడు కట్టి, పశువుల శాలలో గుంజకు బిగించింది. "ఇయ్యాల మీ పిల్లని పొడిసినాది, రేపు ఇంకోలింట్లో పొడుస్తాది. ఇలాటిది మనకెందుకు? గురువారం సంతకి అంపేస్తాను."

"అమ్మమ్మా! వద్దే!" అని లోపల నుంచి యమున గొంతు వినిపించింది.

చరిత ఇంట్లోకి పరుగెత్తింది. నోటుబుక్కు తీసి ఒక వాక్యం రాసింది. "చోడిగింజను పుంజు పొడిచింది."

రాశాక దాన్ని మళ్లీ చదవలేదు.

జగ్గమ్మ చోడిగింజకు నూనె, పసుపు కలిపి రాసింది. మిగతా వాటితో పెట్టకుండా, వసారాలో ఒక మూల, బోర్లించిన చిన్న బుట్ట కింద పెట్టింది. పక్కన మూకుడులో నీళ్లు, గుప్పెడు నూకలు. రాత్రి పడుకునేముందు చరిత వంగి చూసింది. ఊపిరి తీస్తోంది.

సోమవారం బడిలో గంట కొట్టాక అందరూ వెళ్లిపోయారు. మోహనకృష్ణ మాస్టారు బోర్డు తుడుస్తున్నారు. చరిత బల్ల దగ్గర నిలబడింది.

"సార్. ఎవరైనా కోడిపిల్లకి ఎర్రరంగు పూస్తే ఏమవుతుంది?"

"ఎవరైనా అంటే?"

"ఊరికే సార్. ఎవరో."

మాస్టారు ఆ ఎవరో ఎవరని అడగలేదు. "కోడి కంటికి రంగులు బాగా తెలుస్తాయి. ఒంటి మీద ఎర్రచుక్క కనబడితే పొడిచి చూస్తుంది. గట్టిగా పొడిస్తే రక్తం వస్తుంది. రక్తమూ ఎరుపే. ఇంక పక్కవి కూడా చేరిపోతాయి. మా మావయ్యకి విజయనగరం దగ్గర కోళ్లషెడ్డు ఉండేది. ఒక కోడికి చిన్న గాయమైతే చాలు, మిగతావి దాన్ని బతకనిచ్చేవి కావు. అందుకని షెడ్డులో ఎర్రబల్బు వేసేవాడు."

"ఎర్రబల్బా? ఎరుపు చూస్తే పొడుస్తాయన్నారు గదా సార్!"

"ఆలోచించు. తెల్లచొక్కా మీద ఎర్రసిరా పడితే కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది."

"ఎర్రచొక్కా మీద పడితే?"

చరిత కళ్లు పెద్దవయ్యాయి. "కనిపించదు! చుట్టూ అంతా ఎర్రగా ఉంటే గాయం కూడా కనిపించదు!"

"అంతే. రంగు ఒక్కటే. అది ఎక్కడుందన్నదే తేడా." మాస్టారు డస్టరు దులిపారు. "ఆ ఎవరో ఇంకేమైనా చెప్పారా నీకు?"

"లేదు సార్" అంది చరిత.

చరిత సంచి తగిలించుకుంది.

మంగళవారానికి గాయం పక్కు కట్టింది. చరిత ఒక వింత గమనించింది. బుట్ట కింద నూకలు అయిపోయాయి. మళ్లీ పోసింది. మళ్లీ అయిపోయాయి. బుట్ట కింద ఎరుపు లేదు, ఏ రంగూ లేదు. ఉత్త మట్టినేల. తోసేవాళ్లు లేరు, అంతే. చోడిగింజకు ఆకలి లేకపోవడం కాదు. సాసరు దాకా రానిచ్చేవాళ్లు లేక తినలేదు. ఆ మాట రెండువారాలుగా కళ్లముందే ఉన్నా ఇప్పుడు కనిపించింది.

బుధవారం బడి నుంచి వచ్చాక, చరిత అమ్మనడిగి పాత ఎర్రనైలాను చీర తీసుకుంది. పెద్ద గంప మీద చుట్టూ కప్పింది. లోపల రెండు సాసర్లు, దూరదూరంగా పెట్టింది. చోడిగింజను వదిలింది. నేలమీద బోర్లా పడుకుని, చీర అంచు కొంచెం ఎత్తి, వెదురు సందులోంచి చూసింది.

లోపల సాయంత్రం ఆకాశంలా ఉంది. పిల్లలన్నీ ఎర్రగా ఉన్నాయి. సాసర్లు ఎర్రగా ఉన్నాయి. చోడిగింజ వీపు మీది పక్కు ఎక్కడుందో చరితకే తెలియలేదు.

ఒక పిల్ల చోడిగింజ దగ్గరికి వచ్చింది. పిల్ల దాన్ని చూసింది. అటూ ఇటూ తల తిప్పింది. సాసరు వైపు వెళ్లిపోయింది.

చోడిగింజ రెండో సాసరు దగ్గరికి నెమ్మదిగా నడిచింది. ఒక గింజ. ఇంకో గింజ. చరిత లెక్కపెట్టింది. పద్దెనిమిది.

"ఎరుపొద్దన్నాను గదే!" వెనక నుంచి జగ్గమ్మ. "మళ్లీ ఈ ఎర్రసీరేటి?"

చరిత సంబరంగా లేచింది. "పిల్ల మీద ఎరుపు ఉండకూడదు నాన్నమ్మా. చుట్టూ ఉంటే మంచిదేనట. సార్ చెప్పారు. మీ అత్త చెప్పింది నిజమే, మీద వేస్తే..."

మధ్యలోనే ఆగిపోయింది.

"మీద ఏస్తే?" జగ్గమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "పిల్ల మీద ఎరుపు ఎవులేసినారే?"

అప్పుడే గోర్జీలోంచి కేక వినిపించింది. "చరితా! ఒసే చరితా!" గుమ్మంలో యమున నిలబడి ఉంది. యమునది కూడా ఆరో తరగతే. ఆదివారం నుంచి ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

"నీ కాడ ఇంకో రంగు కాగితం ఉంటే ఇయ్యవే" అంది యమున. "ఏ రంగైనా సరే."

"ఎందుకు?"

"రాయేటి, సూపిస్తాను."

చరిత యమున వెనకే ఎదురింటి శాలలోకి వెళ్లింది. గుంజ దగ్గర సర్పంచి కూర్చుని ఉంది. ఆ ఛాతీ లేదు, ఆ తురాయి లేదు. తల రెక్కలోకి ముడుచుకుంది. దాని ముందు పళ్లెంలో సజ్జలు, నూకలు, నాలుగు అన్నం మెతుకులు. పళ్లెం కింద యమున ఎర్రరిబ్బను వరసలుగా పరిచి ఉంది. బడికి జడ వేసుకునే రిబ్బను. అందుకే కాబోలు, మూడు రోజులుగా యమున రబ్బరుబ్యాండు పెట్టుకుని వస్తోంది.

"ఎర్రగుంటే కోళ్లు బాగా తింతాయని నువ్వే సెప్పినావు గదా కలాసులో" అంది యమున. "ఎరుపెట్టినాను. తినలేదు. తాడు కట్టిన కాడినించీ ఒక్క గింజ ముట్టలేదు. నువ్వు సైన్సు మేళాకెల్తన్నావు, నీకు తెలుస్తాది. ఏ రంగెడితే తింతాడో సెప్పవే. రేపు సంతకెల్లిపోతాడు. ఎల్లేలోగా ఒక్క పూటైనా తినాల."

చరిత పళ్లెం వైపు చూసింది. రిబ్బను వైపు చూసింది. తర్వాత సర్పంచి కాలికున్న తాడు వైపు చూసింది. తాడు ఒరుసుకున్న చోట తోలు లేచిపోయింది.

"రంగు కాదే యమునా."

"మరేటి?"

చరిత శాలలోంచి అరుగు మీదికి నడిచింది. అక్కడ లక్ష్మణమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది.

"అమ్మమ్మా."

"ఏటమ్మా?"

"సర్పంచి పొడవలేదు."

చేట ఆగింది.

"చోడిగింజకి నేను పారాణి పూశాను. నాన్నమ్మ వద్దన్నా పూశాను. మిగతా పిల్లలే పొడిచాయి. పొడుస్తుంటే చూశాను కూడా. ఆడుకుంటున్నాయనుకున్నాను. సర్పంచి తర్వాత వచ్చింది. నూకలు తింది, అంతే."

వెనక యమున వచ్చి నిలబడింది. ఆమె ఊపిరి చప్పుడు చరితకు వినిపిస్తోంది.

లక్ష్మణమ్మ చేట కింద పెట్టింది. "మరి ఆదివారం నానడిగితే తలూపినావు?"

"భయమేసింది అమ్మమ్మా."

"ఈ పుంజుని గుడ్డులోంచి వచ్చిన కాడినించీ నానే పెంచినాను. అది పిల్లల్ని ముట్టదని నాకు తెలుసు. తెలిసీ, నువ్వు సూసినావంతే నిన్నే నమ్మినాను." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే చరితకు కొంచెం తేలికగా ఉండేది. "ఎల్లు. కట్టింది నానే గానీ, ఇప్పాల్సింది మాత్రం నువ్వే. ఇప్పీ."

చరిత శాలలోకి వెళ్లి సర్పంచి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ముడి గట్టిపడిపోయింది. గోళ్లతో పీకింది. సర్పంచి కన్ను తెరిచి, చరిత చేతి మీద ఠక్కున ఒక పోటు పొడిచింది.

"అబ్బా!"

"పొడవనీ" అంది యమున. ఇంకా ముఖం ముడుచుకునే ఉంది.

ముడి ఊడింది. సర్పంచి లేచి నిలబడి, కాలు ఒకసారి విదిలించింది. రెక్కలు టపటపా కొట్టింది. పళ్లెం వైపు కన్నెత్తి కూడా చూడకుండా శాల దాటి, గోర్జీ దాటి, ప్రహరీ ఎక్కి, జగ్గమ్మ పెరట్లోకి దూకింది.

"హుష్! మళ్లీ వచ్చీసినాదే ఇది! కర్రేదే?" జగ్గమ్మ కేక గోర్జీ అంతా మోగింది.

చరిత ఒక్క పరుగున వెళ్లి మధ్యలో నిలబడింది. "కొట్టకు నాన్నమ్మా! దాని తప్పు లేదు. చోడిగింజ మీద ఎరుపు పూసింది నేనే. పుంజు మీద అబద్ధం పెట్టింది కూడా నేనే."

గోర్జీలో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా చెప్పింది. చివరింట్లో కూర్మయ్య రేడియో గొంతు తగ్గించాడు.

జగ్గమ్మ చేతిలో కర్ర అలాగే ఉండిపోయింది. మనవరాలి వైపు, పుంజు వైపు, ఎదురింటి అరుగు మీద నిలబడ్డ లక్ష్మణమ్మ వైపు చూసింది. కర్ర గోడకు ఆనించింది.

"ఒదినా" అంది. "నాను ముందు నోరేసుకుని పడిపోనాను. నీ పుంజు మాట నీకు తెలిసినట్టు నాకు తెలుస్తాదేటి?"

"నీ నోరు నాకు కొత్తేటొదినా" అంది లక్ష్మణమ్మ. "ముందు ఆ నూకలు దాసుకో. మూడు దినాల ఆకలి మీదున్నాడు, సంచి కూడా మిగల్సడు."

జగ్గమ్మ లోపలికి వెళ్లి, ఇంకో గుప్పెడు నూకలు తెచ్చి తన చేత్తోనే సర్పంచి ముందు చల్లింది. కింద ఏ రంగు కాగితమూ లేదు. అది తలెత్తకుండా తింది.

లోపలికొచ్చాక జగ్గమ్మ మనవరాలిని తిట్టలేదు. గాటుపడ్డ చేతికి పసుపు రాస్తూ ఒక్క మాటే అడిగింది. "ఇంతకీ ఎరుపెందుకు ఎయ్యకూడదంటావు? సరీగా సెప్పు. నాకూ ఇన్నాళ్లూ తెలీదు." చరిత తెల్లచొక్కా, ఎర్రచొక్కా మాట చెప్పింది. జగ్గమ్మ శ్రద్ధగా విని, "మా అత్త గట్టిదే" అంది. కాసేపాగి, "కారణం సెప్పుంటే ఇంకా గట్టిదనీదాన్ని" అని కూడా అంది.

మర్నాడు బడిలో యమున చరిత పక్కన కూర్చోలేదు. ముందు బెంచీలో కూర్చుంది. అయితే రెండు జడలకూ ఎర్రరిబ్బన్లు ఉన్నాయి.

సాయంత్రం చరిత వసారాలో చాప మీద పెద్ద చార్టు పరిచి మేళాకు రాసుకుంటోంది. పక్కన నోటుబుక్కు తెరిచి ఉంది. ఆదివారం పేజీ వచ్చింది. "చోడిగింజను పుంజు పొడిచింది." చరిత దాన్ని చించేద్దామనుకుంది. చించలేదు. ఆ వాక్యం మీద ఒక్క గీత గీసింది, కింద ఏం రాసిందో కనిపించేలాగే. పక్కన ఇంకో వాక్యం రాసింది.

ఇప్పుడు అది చార్టు మీద కూడా రాయాలి. ఎక్కడ రాయాలి? అడుగున మూలకి కొంచెం చోటుంది. అక్కడ చిన్న అక్షరాలతో రాస్తే ఎవరి కంటా పడదు. చరిత పెన్సిలు మూల మీద పెట్టింది.

చార్టు మీద ఒక నీడ పడింది. యమున. చంకలో సర్పంచి, దాని ముక్కున ఇంకా ఒక నూక.

"మళ్లీ మీ పెరట్లోనే ఉన్నాడు. తీసుకెల్దామని వచ్చినాను" అంది యమున. అంది గానీ కదల్లేదు. వంగి నోటుబుక్కు చదివింది. గీత కిందిది చదివింది. పక్కనున్నది కూడా చదివింది.

"ఇది మేళాలో కూడా రాస్తావేటి?"

"రాస్తాను. చూసిందే రాయాలి గదా."

"ఆ మూలనా?"

చరిత పెన్సిలు మూల మీంచి ఎత్తింది.

యమున సర్పంచిని కింద దింపి, చాప మీద కూర్చుంది. చరిత పెట్టెలోంచి ఒక స్కెచ్ పెన్ను ఏరి, మూత తీసి, చేతికిచ్చింది. ఎర్రది.

"మజ్జిలో రాయి" అంది. "దీంతో రాస్తే అందరూ ముందు దాన్నే సూస్తారు."

చరిత పెన్సిలు పక్కన పెట్టింది. తెల్లటి చార్టు మధ్యలో, పెద్ద పెద్ద ఎర్రటి అక్షరాలతో రాసింది.

"చోడిగింజకు ఎర్రరంగు పూసింది చరిత. పుంజు ఏమీ చెయ్యలేదు."

సర్పంచి మెడ చాచి ఆ ఎర్ర అక్షరాల వైపు చూసింది. ఒక అడుగు వేసి, ముక్కుతో టక్కున పొడిచింది.